సీతామహాలక్ష్మి కుడి మోకాలు

అమీర్‌పేట,
9 జూన్ 2025

అన్నయ్యా,

మొన్న ఫోన్లో నేను అరిచిన అరుపులకి కింద వాటా వాళ్ళు కంగారుపడి పైకొచ్చారు. ఇంతా చేస్తే నువ్వు "సరే సరే, అందరూ బాగున్నారుగా" అని పెట్టేశావు. చెవికి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. తెనాలిలో మిఠాయి కొట్టు నడిపే పెద్దమనిషికి చెవిలో మిషనేంటని నీ నామోషీ నీది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాన్న ఉన్నప్పుడు రాసుకున్నట్టే రాసుకుందాం.

సంగతేంటంటే, నా కుడి మోకాలు అరిగిపోయింది. మార్చాలంటున్నారు. డిస్పెన్సరీ డాక్టరుగారు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికి రాసిచ్చారు. అక్కడ పరీక్షలన్నీ చేసి ఆగస్టులో ఆపరేషన్ అన్నారు. నువ్వేం కంగారుపడకు. డబ్బుతో పని లేదు.

మోకాలు ఎందుకు అరగదు చెప్పు? ఆయన చనిపోయిన ఏడాది పంజాగుట్టలో చీరల షోరూమ్‌లో చేరిన దాన్ని, రెండేళ్ళ క్రితం రిటైరయ్యేదాకా ఆ తెల్లపరుపుల మీద మోకాళ్ళు ముడిచే కూర్చున్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కస్టమరు లేచి నిలబడేదాకా విప్పిన చీర మడవకూడదు. మడిచామంటే ఇక దయచేయండి అన్నట్టే. అలా గుట్టలు గుట్టలు విప్పి, ఆవిడ వెళ్ళాక మోకాళ్ళ మీద పాకుతూ మడిచేవాళ్ళం. ఒకసారి శ్రీనగర్ కాలనీ ఆవిడ ఒకరు పొద్దున వచ్చి, భోజనాల వేళ దాకా విప్పించి, చివరికి జాకెట్టు గుడ్డ ఒక్కటి కొనుక్కుని వెళ్ళింది. నేను నవ్వుతూనే సాగనంపాను.

మా అమ్మాయి రాగసుధ ఆఫీసుకి సెలవు పెట్టి నాతో ఉంటానంటోంది. వదినకి నా నమస్కారాలు.

ఇక్కడ నుంచి నీ చెల్లెలు,
సీత


తెనాలి,
17 జూన్

సీతామహాలక్ష్మికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. రాఘవయ్య చెల్లెలు ధర్మాసుపత్రిలో వరసలో నిలబడి ఆపరేషన్ చేయించుకుంటుందా? నేను చచ్చాననుకున్నావా? పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు లేదనుకున్నావా?

బావగారు పోయినప్పుడు తెనాలి వచ్చేయమంటే రాలేదు. నా కాళ్ళ మీద నేను నిలబడతానన్నావు. నిలబడ్డావు, కాదనను. ఇప్పుడు ఆ కాళ్ళే అరిగిపోయాయంటున్నావు. అన్నేళ్ళు చాకిరీ చేయించుకున్న ఆ షోరూమ్ యజమాని నిన్ను సర్కారు ఆస్పత్రికి తోసేసి చేతులు దులుపుకున్నాడా? రాగసుధకైనా ఉండక్కర్లేదా? అల్లుడూ తనూ ఇద్దరూ సంపాదిస్తున్నారే, కన్నతల్లి మోకాలు బరువైపోయిందా?

నా సంగతి చూడు. నా కొట్టులో ఏ పనివాడి జీతంలోనూ ఏనాడూ పైసా కోసి ఎరగను. పోయిన ఏడాది మన వంట మాస్టరు బుచ్చిబాబు చెయ్యి నూనెలో కాలితే ఆస్పత్రి ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. పరాయివాడికి పెట్టినవాణ్ణి తోబుట్టువుకి పెట్టలేనా?

మీ పంజాగుట్టలోనే పెద్ద ప్రైవేటు ఆస్పత్రులున్నాయట. ఒకటి చూసి గది మాట్లాడతాను. ఆ ధర్మాసుపత్రి కాగితాలు చింపి పారెయ్యి.

తోడబుట్టినవాడు,
రాఘవయ్య


అమీర్‌పేట,
25 జూన్

అన్నయ్యకి,

నీ ఉత్తరం నాకంటే ముందు రాగసుధ చదివింది. చదివి వంటింట్లోకెళ్ళి ఏడ్చింది. ప్రైవేటులో చేయిద్దామమ్మా అని అది మొదటి రోజు నుంచీ నా ప్రాణం తీస్తోంది. వద్దన్నది నేను. మేనమామవి, మందలించే హక్కు నీకుంది. కానీ తెలుసుకుని మందలించు.

అది ధర్మాసుపత్రి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నెలనెలా నా జీతంలోంచి ఈఎస్ఐకి కొంత కోసేవారు. యజమాని తన వాటాగా దానికి మూడు నాలుగింతలు కలిపి కట్టేవాడు. ఒక్క నెల తప్పలేదు. రిటైరయ్యాక ఏడాదికి నూట ఇరవై రూపాయలు కడితే చాలు, బతికున్నంత కాలం వైద్యం వాళ్ళదే. నాకు కార్డుంది. అందులో నా ఫొటో ఉంది. నా డబ్బు నేను దాచుకున్నాను, నా మోకాలు నేను బాగుచేయించుకుంటాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. నీ దగ్గర కూడా చాచను.

జీతంలో పైసా కోయనని గొప్పగా రాశావు. నీ మిఠాయి కొట్టుకి నాన్న పేరున ఒక బోర్డు, అమ్మ పేరున ఒక బోర్డు ఎందుకున్నాయో నాకు తెలియదనుకున్నావా? వంటిల్లు ఒకటే, గల్లా ఒకటే. పదిమంది ఉంటే ఈఎస్ఐ కట్టాలి కాబట్టి పనివాళ్ళని రెండు బోర్డుల కింద సర్దావు. అమ్మానాన్నల మీద భక్తి అనుకుని ఊరంతా మెచ్చుకుంటోంది.

ఇక్కడ బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి రోడ్లన్నీ పందిళ్ళే. ఆటోలు మా సందులోకి రావడం లేదు. కుంటుకుంటూ వెళ్ళి కూరలు తెచ్చుకుంటున్నాను.

కోపంగానే ఉన్న
సీత


తెనాలి,
3 జూలై

సీతకి,

చెల్లెలని ముద్దు చేస్తే నెత్తికెక్కావు. నా బోర్డుల జోలికి నువ్వు రాకు. కొట్టు నడపడమంటే చీర విప్పి చూపించడం కాదు.

సరే, నీ డబ్బే అంటున్నావుగా. నీ డబ్బయితే నీ పేరున ఎంతుందో లెక్క ఉండాలి. బ్యాంకులో వేసుకుంటే పాస్‌బుక్ ఇస్తారు. పోస్టాఫీసులో వేసుకుంటే ఇస్తారు. నీ దగ్గరేముంది? వెళ్ళి అడుగు. సీతామహాలక్ష్మి పేరున ఎంత నిలవుందో చెప్పమను. నీ పేరున దాచింది నిజంగా ఉంటే, నేను నోరు మూసుకుని నీ ధర్మాసుపత్రికే వచ్చి నీ మంచం పక్కన కూర్చుంటాను. లేకపోతే నేను మాట్లాడిన గదిలో చేరాలి.

ఈలోపు నేను చేయాల్సింది చేశాను. నీ షోరూమ్ యజమానికి ఘాటుగా ఉత్తరం రాశాను. "ఇన్నేళ్ళు నీ చీరలు మోసిన మనిషి మందులకి దిక్కులేక ఉంది, నీకు సిగ్గుందా" అని అడిగాను. సంతకం కింద కొట్టు ముద్ర కూడా వేశాను. చూద్దాం, కదులుతాడో లేదో.

రాఘవయ్య


అమీర్‌పేట,
14 జూలై

అన్నయ్యా,

నువ్వు నెగ్గావు. సంతోషించు.

ఏడాది చందా కట్టే కౌంటరుకి వెళ్ళి అడిగాను. నా పేరున ఎంత ఉందమ్మా, ఆపరేషనుకి సరిపోతుందా అని. అక్కడున్న అమ్మాయి మంచిది. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఎవరి పేరునా విడిగా ఉండదమ్మా. అంతా ఒకే కుండ. మీరు కట్టింది అప్పట్లో జబ్బు పడినవాళ్ళకి అయిపోయింది. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కట్టేదాంతో మీకు చేస్తారు" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ ఆ మాట వినేసరికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ నా డబ్బు నాకోసం ఎక్కడో భద్రంగా కూర్చుందనుకున్నాను. ఏమీ లేదు. ఎప్పుడో ఎవరికో మందుబిళ్ళలైపోయింది.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం పని చేసి కూర్చుంది. యజమాని ఊళ్ళో లేడట. మేనేజరు దాన్ని పైకి చదివాడట. మందులకి దిక్కులేదని నువ్వు రాశావు కదా, షోరూమ్ పిల్లలంతా కంగారుపడి తలా కొంత వేసుకుని కవరులో పెట్టి పట్టుకొచ్చారు. ముందు మధులత ఉంది. నా పక్క పరుపు మీద కూర్చుని నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. "సీతమ్మ మేడం, గిది తీసుకోండి, ఫికర్ జేయకుండ్రి" అని నా చేతిలో పెట్టబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గుమ్మంలోంచే పంపేశాను. కాఫీ కూడా ఇవ్వలేదు. వాళ్ళ జీతాలెంతో నాకు తెలుసు. హాస్టల్ అద్దె కట్టి ఇంటికి పంపితే వాళ్ళకేం మిగలదు.

అన్నయ్యా, ఆపరేషన్ వద్దు. నువ్వు మాట్లాడిన గదీ వద్దు, ఆ ఆస్పత్రీ వద్దు. ఆ పిల్లల జీతాల్లోంచి కోసిన డబ్బుతో నేను మోకాలు మార్పించుకోవడమేంటి? ఇన్నేళ్ళు ఎవరి సొమ్మూ ముట్టలేదు. ఈ వయసులో ముట్టను. కుంటుతూనే గడిపేస్తాను. ఆగస్టు తేదీ రద్దు చేయించమని రాగసుధకి చెప్పాను. అది నాతో మాట్లాడటం మానేసింది.

సీత


తెనాలి,
20 జూలై

అమ్మా సీతా,

నీ ఉత్తరం స్పీడ్ పోస్టులో రావడం నా అదృష్టం. ఈ జవాబు కూడా అలాగే పంపుతున్నాను. తేదీ రద్దు చేయించకు. నా మీద ఒట్టు. పాస్‌బుక్ మాట నోరు జారి అన్నాను, అందులో అంత అర్థం లేదు. నువ్వు కుంటుతూ గడిపేస్తానని రాసిన వాక్యం మీ వదినకి చదివి వినిపించబోయి వినిపించలేకపోయాను. నేను గదికి డబ్బిస్తాను, లేదా నువ్వు సనత్‌నగర్‌లోనే చేయించుకో. ఎక్కడైనా సరే, చేయించుకో.

ఒక సంగతి ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. బుచ్చిబాబు చేతికి ఖర్చు పెట్టానని గొప్పగా రాశాను కదా. అంతకుముందు నాతో పెద్ద గొంతుతో పోట్లాడేవాడు. పాకం ముదిరిందంటే "మీకేం తెలుసండీ, బయటికి నడవండి" అనేవాడు. నేనూ నడిచేవాణ్ణి. చెయ్యి బాగయ్యాక ఆ పోట్లాట పోయింది. నేను ఏది చెబితే దానికి చిత్తం అంటాడు. పాకం నిజంగా ముదిరినా చిత్తమే. పండక్కి సెలవు అడగాలన్నా వాళ్ళావిడని పంపిస్తాడు. నేను చేసింది మంచి పనే కదా? మరి ఆ మనిషి అలా ఒదిగిపోయాడేంటి? నాకు వాడి పాత నోరే బాగుంది.

నిన్న పొయ్యి దగ్గర వాణ్ణి చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. నా డబ్బు తీసుకుంటే నువ్వూ నాతో ఇలా పోట్లాడవేమో. అప్పుడు నాకు ఉత్తరాలు రాసేదెవరు?

వెంటనే రాయి.

అన్నయ్య


అమీర్‌పేట,
1 ఆగస్టు

అన్నయ్యా,

ఒట్టు పెట్టుకుని బెదిరిస్తావా? సరే, తేదీ అలాగే ఉంచాం. పందొమ్మిదిన ఆపరేషన్, సనత్‌నగర్‌లోనే. కానీ నీ ఒట్టుకి భయపడి కాదు. ఏం జరిగిందో విను.

మధులత మళ్ళీ వచ్చింది. ఈసారి కవరు లేదు, కోపం ఉంది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "ఆరోజు గుమ్మంల నుంచి పంపిచ్చిండ్రు. నేనేం తప్పు జేసిన మేడం?" అని. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కౌంటరులో విన్నదంతా చెప్పాను. మీ జీతాలు కోసుకు తినడం నాకిష్టం లేదమ్మా, నా డబ్బు అయిపోయిందట అన్నాను. అది గ్లాసు కింద పెట్టేసి నవ్వింది.

"అయిపోయిందా? మేడం, మా నాయిన అప్పుడు బాలానగర్‌ల కంపెనీల జేస్తుండె. మా అమ్మ నన్ను గీ ఈఎస్ఐ దవాఖానల్నే కన్నది. నేను ఉమ్మనీరు మింగిన్నట, బతకదన్నరట. దినాలకు దినాలు అద్దాల పెట్టెల పెట్టిండ్రు. మా నాయిన జీతంల కోసింది దానికి యాడ సరిపోతది? ఆ టైముల మీరు షోరూమ్‌ల ఉన్నరు గద? మీ జీతంల సుత కోసిండ్రు గద? మీ పైసలు యాడికి పోలే. గీడ కూసొని మీ చాయ్ తాగుతున్నయ్" అంది.

కాఫీని చాయ్ అనకే అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. కానీ నాకు ఆ రోజు దిద్దే ఓపిక లేదు. దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చాను. అన్నయ్యా, ఆ రోజుల్లో జీతం కవరు విప్పి, కోత చూసి నేనూ సణుక్కున్నదాన్నే. పిల్ల స్కూలు ఫీజుకి చాలదే అని. ఆ సణుక్కున్న డబ్బుకి ఒక పిల్ల ఊపిరి పోసుకుందట. పెరిగి పెద్దదై నా పక్క పరుపు మీదకే వచ్చి కూర్చుందట. నాకు తెలియకుండానే నేను ఎంతమందిని మోశానో. ఇప్పుడు వాళ్ళ వంతు, నన్ను మోస్తారు. ఇందులో సిగ్గుపడేదేముంది? నాకు ఛాతీ పొంగిపోతోంది. నా పేరున ఏమీ నిలవ లేదనుకుని ఎంత పిచ్చిదాన్నయ్యాను.

ఇది అర్థమయ్యాక బుచ్చిబాబు సంగతి కూడా అర్థమైంది. అతనికి నువ్వు ఇచ్చావు, తిరిగి ఇవ్వడానికి అతని దగ్గరేమీ లేదు. అందుకే ఒదిగిపోయాడు. ఇంతకంటే ఏం రాసినా మళ్ళీ నీ బోర్డుల జోలికి వెళ్ళినట్టవుతుంది. ఆపుతున్నాను.

పందొమ్మిదిన నువ్వొస్తావా? వస్తే చెవి మిషన్ పెట్టుకుని రా. ఆస్పత్రిలో అరవలేను.

నీ చెల్లెలు


తెనాలి,
6 సెప్టెంబర్

సీతకి,

క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు వార్డులోంచి ఇంటికొచ్చాక కూడా రాగసుధ నాతో ముక్తసరిగానే మాట్లాడింది. బయల్దేరేటప్పుడు మాత్రం దారికి పులిహోర కట్టిచ్చింది. మేనమామని క్షమించిందనే అనుకుంటున్నాను. పులిహోరలో ఇంగువ ఎక్కువైంది, చెప్పకు.

ఆస్పత్రిలో నేను చూసింది ఒకటి రాయాలి. అక్కడ అందరూ దీనంగా, చేతులు కట్టుకుని ఉంటారనుకున్నాను. ఒకావిడ, మన అమ్మ వయసుంటుంది, కార్డు చేత్తో పట్టుకుని ఎక్స్‌రే గది ఎక్కడని గార్డుని అడిగింది. సొంతింట్లో గది ఎటో అడిగినట్టు అడిగింది. నా పక్క కుర్చీ ఆయన ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. భార్యకి చూపించడానికొచ్చాడు. "మీరు ఏ కంపెనీ సార్?" అన్నాడు. కంపెనీ లేదు, కొట్టు అన్నాను. "అయితే మీకు కార్డు లేదా?" అని అయ్యో పాపం అన్నట్టు చూశాడు. నా జన్మలో నన్ను ఎవరూ అలా చూడలేదు సీతా!

ఇక కొట్టు సంగతి. అమ్మ పేరు బోర్డు దింపేశాను. దాని మీదున్న అమ్మ ఫొటో పూజగదిలో పెట్టాం, కంగారుపడకు. పనివాళ్ళందరినీ ఒక్క పేరు కింద రాయించి ఈఎస్ఐలో చేర్చాను. ఇదంతా నీ మాట విని చేశానని ఊళ్ళో ప్రచారం చేయకు. ఆడిటరు ఎప్పటినుంచో చెబుతున్నాడు.

ఈ నెల జీతం నుంచి కోత మొదలనేసరికి పెద్ద గొడవ. అందరికంటే ముందు బుచ్చిబాబే లేచాడు. "ఏంటండీ బాబుగారూ, ఇన్నేళ్ళు లేని కోత ఇప్పుడేంటి? ఎవడి కోసమండీ ఇది?" అని కొట్టంతా వినపడేలా అరిచాడు. మిషన్ అవసరం లేకుండానే నాకు బాగా వినిపించింది. నీ వాటా నువ్వు కడుతున్నావు, దాని మీద నా వాటా నేను కడుతున్నాను, ఐదేళ్ళు కడితే రిటైరయ్యాక కూడా వైద్యం వాళ్ళదే, నీకింకా ఆరేళ్ళుంది, చాలు అన్నాను. అప్పటికీ సణుగుతూనే పొయ్యి దగ్గరకి పోయాడు. సాయంత్రం పాకం చూద్దామని వెళితే "మీకేం తెలుసండీ, బయటికి నడవండి" అన్నాడు.

నేను నవ్వుకుంటూ బయటికి నడిచాను.

గర్వంగా, నీ అన్నయ్య
రాఘవయ్య


అమీర్‌పేట,
21 సెప్టెంబర్

అన్నయ్యా,

ఆడిటరుగారికి నా తరఫున చేతులెత్తి నమస్కారం చెప్పు. నీ మీద ప్రచారం చేయను. రాగసుధకి మాత్రం చెప్పాను. అది నీ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, ఇంగువ మాట దగ్గర ఆగి, వచ్చే దసరాకి మామయ్యకి వట్టి చారన్నమే పెడతానంది.

వ్యాయామాలు చేయించే అమ్మాయి బాగా వంచుతోంది కాలు. మొదట్లో కళ్ళలో నీళ్ళు తిరిగేవి. డాక్టరుగారు కర్ర వదిలి ఇంట్లో కొంచెం కొంచెం నడవచ్చన్నారు. కానీ నాకు ధైర్యం చాలలేదు. గోడ పట్టుకునో, రాగసుధ భుజం పట్టుకునో తిరుగుతున్నాను. పడిపోతానేమోనని ఒకటే భయం.

ఈ ఉదయం షోరూమ్ తెరవకముందే పిల్లలంతా వచ్చారు. అందరూ మా యూనిఫాం చీరల్లో, తలలో పూలతో. ఇల్లంతా నిండిపోయింది. కొందరు కొత్తగా చేరినవాళ్ళు, నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు కూడా నన్ను చూడలేదు. ఏంటే ఇంతమంది, ఏం పని మీద వచ్చారు అన్నాను. మధులత కుర్చీ లాక్కుని తలుపు దగ్గర కూర్చుంది.

"ఏం లేదు మేడం. నెలనెల మా జీతంల కోస్తున్నరు గద. గా పైసలు ఎట్ల నడుస్తున్నయో జర చూద్దామని వచ్చినం."

అందరూ నవ్వారు. కానీ నవ్వి ఊరుకోలేదు. నిజంగానే చూద్దామని ఎదురుచూస్తున్నారు.

కర్ర రాగసుధ చేతికిచ్చి లేచాను. గోడ పట్టుకోలేదు, ఎవరి భుజమూ పట్టుకోలేదు. వాళ్ళందరి మధ్యలోంచి తల ఎత్తుకుని గుమ్మం దాకా నడిచాను అన్నయ్యా.

సీతామహాలక్ష్మి